బిడ్డ ఒంటి మీది ఎరుపు: ఏం రాయాలి, ఏం మానాలి?

"పిల్లగానికి తొడల సందున ఎర్రగ ఒరుసుకపోయింది, ఏం రాయాలె?"

వేములవాడ గుడి వీధుల్లో గానీ, సిరిసిల్ల మరమగ్గాల వాడల్లో గానీ, కోరుట్ల, జగిత్యాల పల్లెల్లో గానీ పసిబిడ్డ ఉన్న ఇంట ఎప్పుడో ఒకప్పుడు వినపడే ప్రశ్న ఇది. ప్రశ్న పూర్తికాకముందే జవాబులు మొదలవుతాయి. అత్తమ్మ యాపాకు నీళ్లు పోయమంటుంది. పక్కింటి వదిన పౌడరు చల్లమంటుంది. మేనత్త కొబ్బరినూనెలో కర్పూరం కలిపి రాయమంటుంది. పొద్దుగూకేసరికి ఇంటాయన మెడికల్ షాపు నుంచి ఒక ట్యూబు తెస్తాడు. నాలుగూ ఒకే రోజు ఆ బిడ్డ ఒంటి మీదికి ఎక్కుతాయి. అందరిదీ ప్రేమే. కానీ మండుతున్న చర్మానికి ఒకేసారి నాలుగు కొత్త వస్తువులు తగలడం మంచిది కాదు.

తడి, ఒరుపు, సబ్బు, సొన, పురుగు రసం లాంటివి బయటి నుంచి తగిలి వచ్చే దద్దుకు మొదటి వైద్యం రాయడం కాదు, తగిలిందాన్ని తీసేయడం. ఏం తగిలిందో పట్టుకుంటే చాలా దద్దులు నాలుగైదు రోజుల్లో వాటంతట అవే మానుతాయి. పట్టుకోకుండా ఎంత ఖరీదైన మందు రాసినా మళ్లీ మళ్లీ వస్తాయి.

పెద్దలకు ఏమీ కానిది పసివాళ్లకే ఎందుకు అవుతుంది?

చర్మం పైపొరను ఇటుక గోడ అనుకోండి. ఎండిన కణాలు ఇటుకలు, వాటి మధ్య నిండిన కొవ్వు సున్నం. ఈ గోడ గట్టిగా ఉంటే ఒంట్లోని తేమ లోపలే ఉంటుంది, బయటి మురికి బయటే ఆగిపోతుంది. పసిబిడ్డలో ఈ గోడ పెద్దలకన్నా పలచన. సబ్బు ఆ కొవ్వును కడిగేస్తుంది, తడి ఇటుకలను ఉబ్బిస్తుంది, ఒరుపు వాటిని ఊడగొడుతుంది. మూడూ కలిసిన చోట దద్దు తప్పదు.

మరొక సంగతి, ఆమ్లగుణం. పెద్దల చర్మం మీద పీహెచ్ సుమారు 5 ఉంటుంది, అంటే కొద్దిగా పులుపు వైపు. ఆ పులుపు సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది, చర్మం తనను తాను బాగుచేసుకోవడానికి సాయపడుతుంది. పుట్టిన కొత్తలో బిడ్డకు ఈ గుణం తక్కువ, కొన్ని వారాల్లో మెల్లగా వస్తుంది. మామూలు సబ్బు బిళ్లల పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. రోజుకు రెండుసార్లు ఒళ్లంతా నురగ పట్టించి రుద్దితే ఇంకా కుదురుకోని ఆ చర్మం కుదురుకునేదెప్పుడు?

"వేడి చేసింది, అందుకే పొక్కింది" అని బాలింతకు పథ్యం బిగిస్తారు. గుడ్డు వద్దు, పప్పు వద్దు, పండు వద్దు. లంగోటీ కింద వచ్చిన ఎరుపుకూ, మెడ మడతల్లో వచ్చిన చెమటకాయలకూ తల్లి తిన్న తిండికీ సంబంధం లేదు. పాలిచ్చే తల్లికి కడుపునిండా పెట్టండి. ఆమె నోరు కట్టేస్తే నష్టం తల్లికీ బిడ్డకూ ఇద్దరికీ.

లంగోటీ కింద ఎందుకు మండుతుంది? ఎలా మాన్పాలి?

పసివాళ్ల దద్దుల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. మూత్రం ఒక్కటే ఇంత పని చేయదు. మూత్రంలో యూరియా ఉంటుంది, మలంలో సూక్ష్మజీవులు ఉంటాయి. రెండూ ఒకే గుడ్డలో కలిసినప్పుడు ఆ సూక్ష్మజీవులు యూరియాను విడగొట్టి అమ్మోనియా పుట్టిస్తాయి. అమ్మోనియాతో చర్మం మీద పులుపు పోయి క్షారం పెరుగుతుంది. మలంలో తిండిని అరిగించే ఎంజైములు కొంత మిగిలి ఉంటాయి. అవి క్షారంలో మరింత చురుకై, పప్పూ కొవ్వూ అరిగించినట్టే చర్మం పైపొరను అరిగిస్తాయి. అప్పటికే తడికి నానిన చర్మం, పైన గుడ్డ ఒరుపు. అందుకే విరేచనాలు పట్టిన బిడ్డకు ఒక్క పూటలో పిర్రలు ఎర్రబడతాయి. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ మలంలో క్షారం తక్కువ, ఎంజైములూ తక్కువ. డబ్బాపాలు తాగే పిల్లల కన్నా వాళ్లకు ఈ బాధ కొంత తక్కువగా ఉండటానికి ఒక కారణం అది.

ఇక ఎలా మాన్పాలంటే, మొదట తడిని తీసేయాలి. పగటిపూట రెండు మూడు గంటలకోసారి చూసి మార్చండి. మలవిసర్జన చేస్తే క్షణం ఆగొద్దు. కొన్న డైపరు ఎంత పీల్చుకునేదైనా, బస్సు ప్రయాణమని పొద్దున కట్టింది రాత్రికి విప్పడం తగదు. గోరువెచ్చని మామూలు నీళ్లతో, మెత్తటి నూలుగుడ్డతో కడగండి. సువాసన ఉన్న తడి కాగితాలు మండుతున్న చర్మం మీద పనికిరావు. కడిగాక రుద్దకుండా అద్ది ఆరబెట్టండి. తరువాత కాసేపు ఏమీ కట్టకుండా వదిలేయండి. మన పాత ఇళ్లలో మొలతాడు తప్ప మరేమీ లేకుండా పిల్లలు చాప మీద పాకేవాళ్లు. ఆ అలవాటులో మంచి వైద్యం ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు అలా గాలి తగలనిస్తే సగం ఎరుపు రెండు రోజుల్లో దిగుతుంది.

ఆరిన తరువాత రాయాల్సింది అడ్డుపొరగా నిలిచే మందు. జింక్ ఆక్సైడ్ ఉన్న ముద్దలాంటి మందు గానీ, ఏ సువాసనా లేని పెట్రోలియం జెల్లీ గానీ దళసరిగా పూయండి. తరువాతి తడి చర్మాన్ని నేరుగా తాకకుండా ఇది ఆపుతుంది. గుడ్డ మార్చిన ప్రతిసారీ పాత పూతను గీకి తీయాల్సిన పని లేదు. మురికైన పైభాగం మెల్లగా తుడిచి, దాని మీదే మళ్లీ పూయండి. గీకితే మానుతున్న చర్మమే లేచిపోతుంది.

గుడ్డ లంగోటీలు వాడే ఇళ్లలో కారణం ఒక్కోసారి ఉతుకులో ఉంటుంది. ఉప్పునీళ్ల బోరు ఉన్న చోట సబ్బు సరిగా వదలదు. ఆరాక గుడ్డ కరకరలాడితే అందులో సబ్బు మిగిలిందని అర్థం. రెండుసార్లు మంచినీళ్లలో జాడించి ఎండలో ఆరేయండి. జాడింపు నీళ్లలో యాంటిసెప్టిక్ లోషను కలపడం, బిడ్డ స్నానం నీళ్లలో ఒక మూత పోయడం మానేయండి. దవాఖాన వాసన వస్తే శుభ్రమైనట్టు అనిపిస్తుంది గానీ, ఆ వాసన ఇచ్చే రసాయనమే పసి చర్మాన్ని కాలుస్తుంది. సిరిసిల్ల చుట్టుపక్కల బట్టకు కరువు లేదు, అయినా లంగోటీకి కొత్త గుడ్డ వద్దు. పాతబడి మెత్తబడ్డ నూలు చీర ముక్కకు మించింది లేదు. పాలిస్టర్ గుడ్డ తడి పీల్చదు, గాలి ఆడనివ్వదు.

ఇన్ని చేసినా మూడు రోజుల్లో తగ్గలేదంటే మడతల్లోకి చూడండి. ఒరుపుతో వచ్చిన ఎరుపు గుడ్డ తగిలే ఉబ్బెత్తు భాగాల మీద ఉంటుంది, గజ్జల మడతల లోపల చర్మం మామూలుగానే ఉంటుంది. మడతల లోపల కూడా పచ్చిమాంసంలా ఎర్రగా ఉండి, దాని చుట్టూ చిన్న చిన్న ఎర్ర పొక్కులు చెదిరినట్టు ఉంటే అది కాండిడా అనే శిలీంధ్రం. నాలుక మీద, బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పొర కూడా కనిపించవచ్చు. దానికి శిలీంధ్రాన్ని చంపే మందు కావాలి. ఎన్ని రోజులు వాడాలో డాక్టరు చెప్పాలి.

చెమటకాయలకు పౌడరు మంచిదేనా?

కాదు. ఇది చాలామంది తల్లులకు నచ్చని జవాబు. ప్రభుత్వం బాలింతలకు 2017లో ఇవ్వడం మొదలుపెట్టిన కేసీఆర్ కిట్‌లో సబ్బు, నూనెతో పాటు పిల్లల పౌడరు కూడా ఉండేది. ప్రభుత్వమే ఇచ్చాక వాడకపోతే ఎలా అని అడిగినవాళ్లూ ఉన్నారు. పౌడరు వేయకపోతే బిడ్డకు వచ్చే నష్టం ఏమీ లేదు. వేస్తే రెండు ఇబ్బందులు. సన్నటి పొడి గాల్లోకి లేచి బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చెమటతో కలిసి మెడ మడతల్లో గడ్డకట్టి ఇసుకలా ఒరుసుకుంటుంది. డబ్బా మీద బోరిక్ యాసిడ్ ఉందని రాసి ఉంటే అసలు ముట్టొద్దు. పగిలిన చర్మం గుండా అది రక్తంలోకి పోయి పసివాళ్లకు విషమవుతుంది.

చెమటకాయలు రావడానికి కారణం చెమట ఎక్కువ కావడం ఒక్కటే కాదు, అది బయటికి రాలేకపోవడం. చెమట నాళం మూతి దగ్గర మూసుకుపోతే లోపలి చెమట పక్కకు కారి చర్మాన్ని రెచ్చగొడుతుంది. పసివాళ్ల చెమట నాళాలు ఇంకా కుదురుకోనివి కాబట్టి ఇట్టే మూసుకుపోతాయి. ఎండాకాలంలో జగిత్యాల వైపు 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. రేకుల షెడ్డు కింద, పక్కనే మగ్గాలు నడిచే ఇంట్లో గాలి కదలదు. అలాంటి చోట బిడ్డకు టోపీ, సాక్సులు, పైన మందపాటి దుప్పటి వద్దు. నూనె దళసరిగా పట్టిస్తే మూసుకున్న నాళం ఇంకా మూసుకుంటుంది. వదులైన పలచటి నూలు చొక్కా, రోజుకు ఒకటి రెండు సార్లు చల్లటి నీటి తుడుపు, గాలి ఆడే చోటు, ఇవే వైద్యం. దురద ఎక్కువైతే కాలమైన్ లోషను పలచగా రాయవచ్చు. బిడ్డ గోళ్లు కత్తిరించి ఉంచండి. గోకిన చోటే చీము పడుతుంది.

కర్పూరం గురించి గట్టిగానే చెప్పాలి. కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పసిబిడ్డకు రాయడం మన దగ్గర పాత అలవాటు. చల్లగా తగులుతుంది, నిజమే. కానీ కర్పూరం చర్మం గుండా, వాసన గుండా, చేతులు నోట్లో పెట్టుకోవడం గుండా ఒంట్లోకి చేరి చిన్నపిల్లలకు ఫిట్స్ తెప్పించగలదు. వట్టి కొబ్బరినూనె, అదీ దద్దు లేని పొడి చర్మానికి, చాలు. ఆవనూనె మంట పుట్టిస్తుంది కాబట్టి మర్దనకు కూడా మంచిది కాదు.

రాజన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయించాం, తల నిండా పొక్కులొచ్చాయి. ఎందుకు?

రాజన్న, అంటే వేములవాడ శ్రీ రాజరాజేశ్వరస్వామి, మొక్కంటే ఇక్కడి ఇళ్లలో బిడ్డ కడుపులో పడ్డప్పటి నుంచీ ఉన్న మాట. ధర్మగుండంలో స్నానం, తలనీలాలు, కోడె మొక్కు. మహాశివరాత్రికీ, మేడారం జాతరకు పోయేముందు రాజన్నను దర్శించుకునే వారాల్లోనూ జనం ఇసుకేస్తే రాలనట్టు ఉంటారు. ఆ ఒక్క రోజులో పసి చర్మానికి ఎన్ని తగులుతాయో వరుసగా చూడండి: కత్తి గీరుడు, గుండం నీళ్లు, తడి బట్టలు, ఎండ, గుండు మీద పూసిన గంధం, నొసట విభూతి, కుంకుమ, బండారి.

కత్తి పోయిన తల మీద కంటికి కనపడని గీతలుంటాయి. ఆ గీతల మీద ఏది పూసినా సూటిగా లోపలికి దిగుతుంది. విభూతి బూడిద, తడి తగిలితే క్షారగుణం చూపుతుంది. మంచి కుంకుమ పసుపుతో చేసేదే గానీ, రోడ్డు మీద అమ్మే ముదురు ఎరుపు పొడుల్లో కృత్రిమ రంగులుంటాయి. బజారులోని గంధం పొడిలో సువాసన కలుపుతారు. కనుక మొక్కు చెల్లించండి, పద్ధతి కొంచెం మార్చుకోండి. బిడ్డకు కొత్త బ్లేడు మీ కళ్లముందే విప్పించండి. పొడి తల మీద గీకనివ్వకుండా బాగా తడిపించండి. గీసిన వెంటనే మంచినీళ్లతో తల కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, వట్టి కొబ్బరినూనె పలచగా రాయండి. గంధం పూయాలని పెద్దలు పట్టుబడితే ఒక చుక్క పెట్టి ఊరుకోండి, తల నిండా మెత్తొద్దు. స్నానం కాగానే పొడిబట్టలు వేయండి. తడిబట్టలతో క్యూలో గంటల తరబడి నిలబెడితే చంకలు, తొడల సందులు ఒరుసుకుపోతాయి. కుంకుమ, బండారి నుదుట పెట్టినవి బసకు వచ్చాక కడిగేయండి. దేవుడికి బిడ్డ ఒళ్లు మండటంతో పనిలేదు.

గీసిన రెండు మూడు రోజుల తరువాత వెంట్రుక మొదళ్లలో చీము పొక్కులు వస్తే అది ఒరుపు కాదు, సూక్ష్మజీవుల పని. డాక్టరుకు చూపించాలి.

మామిడికాయ కొరికితే మూతి ఎందుకు పొక్కుతుంది?

జగిత్యాల మామిడికి పేరుపడ్డ నేల. ఎండాకాలం సెలవుల్లో తోటల్లో పిల్లలు చెట్టు మీది కాయ కోసి తొడిమ దగ్గర కొరుకుతారు. మరునాటికి మూతి చుట్టూ నల్లటి చార, పొక్కులు, మంట. "సొన కాలింది" అంటాం. తొడిమ తెగినప్పుడు చిమ్మే ఆ సొనలో చర్మాన్ని కాల్చే నూనెలాంటి పదార్థాలున్నాయి. నల్లజీడి, జీడిమామిడి, మామిడి ఒకే కుటుంబపు చెట్లు, వాటి రసాల్లో ఉన్న రసాయనాలు కూడా దగ్గరి చుట్టాలే. బట్టల మీద చాకలి గుర్తు పెట్టే నల్లజీడి రసం చెరగనిది ఎందుకో, పిల్లల చర్మం మీద అది అంత లోతైన పుండు ఎందుకు చేస్తుందో ఇక్కడే తెలుస్తుంది. బెణికిన కాలికి జీడి పెట్టడం, దిష్టికని చంటిబిడ్డ మొలకు జీడిగింజ కట్టడం పూర్తిగా మానాల్సిన పనులు.

రెండు రకాల దద్దులకు తేడా కూడా ఇక్కడ అర్థమవుతుంది. ఘాటు పదార్థం తగిలిన చోటల్లా, తగిలిన కొద్దిసేపట్లో, ఎవరికైనా కాలేది ఘాటు దద్దు. ఒకసారి తగిలి ఒంట్లో గుర్తుపడిపోయాక, మరోసారి చుక్క తగిలినా ఒకటి రెండు రోజుల తరువాత ఎగదన్నేది ఎలర్జీ దద్దు. సొన రెండు పనులూ చేయగలదు. నిరుడు ఏమీ కాని పిల్లవాడికి ఈ ఏడు మూతంతా వాచిపోవడం అందుకే.

సొన తగిలిన వెంటనే సబ్బుతో, ఎక్కువ నీళ్లతో కడగండి. చేతులు, గోళ్ల సందులు కూడా. చల్లటి తడిగుడ్డ అద్దుతూ ఉండండి. పొక్కులు చిదపొద్దు. కాయను ముందే తొడిమ తుంచి, బోర్లించి సొన కారిపోనిచ్చి, కడిగి, చెక్కు తీసి ఇవ్వండి. మామిడి తినడం మాన్పించనక్కరలేదు.

వానాకాలంలో ఇంకో బాధ ఉంది. రాత్రి పడుకున్న బిడ్డ పొద్దున లేచేసరికి మెడ మీద బెత్తంతో కొట్టినట్టు ఒక ఎర్ర గీత, మరునాటికి దాని మీద నీటి పొక్కులు, చీము చుక్కలు. "పురుగు పారింది" అంటారు. కొందరు సర్పి అనుకుని మంత్రం వేయిస్తారు. ఇది వరిపొలాల్లో తిరిగే ఒక సన్నటి పురుగు పని. సెంటీమీటరు లోపు పొడవు, నారింజ, నలుపు పట్టీలు, చూడటానికి పెద్ద చీమలా ఉంటుంది. శాస్త్రంలో దాని పేరు పెడెరస్. అది కుట్టదు, కరవదు. దీపపు వెలుగుకు వచ్చి ఒంటి మీద వాలినప్పుడు మనం చేత్తో నలుపుతామే, అప్పుడు దాని ఒంట్లోని పెడెరిన్ అనే రసం చర్మానికి అంటి కాలుస్తుంది. మోచేతి మడతలో తగిలితే మడిచినప్పుడు రెండో వైపూ అచ్చు పడుతుంది. కాబట్టి పురుగును చంపొద్దు, ఊదేయండి లేదా కాగితం మీద ఎక్కించి పారేయండి. నలిగితే వెంటనే సబ్బుతో కడిగి, ఆ చొక్కా, దిండు గలీబు ఉతకండి. కన్ను నలుపుకోనివ్వొద్దు. పొక్కు ఒకటి నుంచి మూడు వారాల్లో మానుతుంది, నల్లమచ్చ మరికొన్నాళ్లు ఉంటుంది. మంత్రంతో తగ్గిందనుకునేది కూడా ఈ గడువులోనే తగ్గుతుంది. నాట్ల తరువాతి నెలల్లో పిల్లల మంచం దీపం కిందికి కాకుండా దూరంగా వేసి దోమతెర కట్టండి.

వరికోతలప్పుడు కల్లంలో ఆడిన పిల్లలకు పట్టే నూగు, కోరుట్ల, మెట్‌పల్లి వైపు పసుపు ఆరబోసిన వాకిళ్ల దుమ్ము, జిల్లేడు పాలు, గొంగళిపురుగు వెంట్రుకలు, వీటన్నిటికీ ఒకటే మొదటి సాయం: బట్టలు మార్చి, ఒళ్లు కడిగి, గోకకుండా చూడటం. గొంగళిపురుగు వెంట్రుకలు గుచ్చుకుంటే మాత్రం ముందు రుద్దొద్దు. అంటుకునే టేపు అద్ది లాగితే చాలావరకు ఊడివస్తాయి, తరువాత కడగాలి.

తల్లి చేసే పనికీ బిడ్డ దద్దుకూ సంబంధం ఉంటుందా?

ఉండవచ్చు. ఈ ఊళ్ల చుట్టూ ఎంతోమంది అక్కచెల్లెళ్లు ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తారు. పక్కనే బిడ్డ పడుకుని ఉంటుంది. చేతులకు, కొంగుకు అంటిన పొగాకు దుమ్ము బిడ్డ బుగ్గలకు, మెడకు చేరుతుంది. పాలివ్వడానికి ముందు చేతులు సబ్బుతో కడిగి, కొంగు మార్చుకోండి. వీలైతే చాట ఒక మూలకు, బిడ్డ తుంగచాప మరో మూలకు. అద్దకం పనిచేసేవాళ్లు, సైజింగులో పనిచేసేవాళ్లు ఇంటికి రాగానే పనిబట్టలతో బిడ్డను ఎత్తుకోవద్దు. మగ్గం మీది నుంచి వచ్చిన కొత్త గుడ్డలో గంజి, రంగు, మెరుగు మందులు ఉంటాయి. పండగ చొక్కా అయినా ఒకసారి ఉతికి వేయండి.

మెడికల్ షాపు ట్యూబు రెండు రోజుల్లో తగ్గించింది కదా, అది ఎందుకు వద్దు?

తగ్గించినందుకే అనుమానించాలి. దేనికైనా ఒక్కటే అని ఇచ్చే ఆ ట్యూబుల్లో చాలావాటిలో మూడు నాలుగు మందులు కలిపి ఉంటాయి: ఒక యాంటిబయాటిక్, ఒక శిలీంధ్రపు మందు, వాటితో పాటు ఘాటైన స్టీరాయిడు. ఎరుపు రెండు రోజుల్లో అణగడానికి కారణం ఆ స్టీరాయిడు. అది మంటను అణచిపెడుతుంది, కారణాన్ని తీయదు. మానేసిన మర్నాటి నుంచి ఎరుపు రెట్టింపుగా తిరిగి వస్తుంది, మళ్లీ రాస్తారు. అలా నెలలు గడిస్తే చర్మం కాగితంలా పలచబడుతుంది, రక్తనాళాలు బయటికి కనపడతాయి, నల్లగా చారలు పడతాయి. తామర ఉన్నచోట రాస్తే శిలీంధ్రం హాయిగా పెరిగి, డాక్టరు కూడా గుర్తుపట్టలేనంతగా రూపం మార్చుకుంటుంది.

పసివాళ్లలో ప్రమాదం ఇంకా ఎక్కువ. బరువుతో పోలిస్తే వాళ్ల చర్మపు విస్తీర్ణం పెద్దలకన్నా ఎక్కువ కాబట్టి రాసిన మందు ఒంట్లోకి ఎక్కువ పాళ్లలో పోతుంది. లంగోటీ బిగించి కట్టిన చోట రాస్తే, మూతపెట్టిన గిన్నెలో ఆవిరిలా బయటికి దారిలేక మందు ఇంకా లోతుకు దిగుతుంది. ముఖం ఉబ్బడం, ఎదుగుదల మందగించడం, ఒంట్లో సహజంగా తయారవ్వాల్సిన స్టీరాయిడు తగ్గిపోవడం, ఇవన్నీ ఒక చిన్న ట్యూబు నుంచి రావచ్చు. ఈ దుర్వినియోగం గురించి దేశంలోని చర్మవైద్యుల సంఘం ఏళ్ల తరబడి గొంతెత్తింది. 2018లో కేంద్ర ఆరోగ్యశాఖ చర్మానికి రాసే 14 స్టీరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. చట్టం ఉంది, అయినా కౌంటరు మీద చేయి చాస్తే దొరుకుతూనే ఉంది. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

స్టీరాయిడు మొత్తంగా విషం అని చెప్పడం లేదు. డాక్టరు చూసి, తక్కువ ఘాటు ఉన్నదాన్ని, కొద్ది రోజులకు, ఎంత రాయాలో చెప్పి ఇస్తే అది మంచి మందే. ఎంత అన్నదానికి ఒక కొలత ఉంది. పెద్దవాళ్ల చూపుడువేలు కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. బిడ్డకు ఎన్ని వేళ్లు, ఎన్ని రోజులు అని అడిగి రాయించుకోండి.

ఇది ఒరుపు కాదు, మరొకటి అని ఎలా తెలుస్తుంది?

రాత్రిళ్లు దురద ఎక్కువై, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ పొక్కులుండి, ఇంట్లో ఇంకొకరు కూడా గోక్కుంటుంటే అది గజ్జి. బిడ్డకొక్కదానికే మందు వేస్తే పోదు. డాక్టరు ఇచ్చిన మందు ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవాలి, పక్కబట్టలు వేడినీళ్లలో ఉతకాలి. హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన పిల్లలను ఈ కళ్లతో ఒకసారి చూడండి. మోచేతి, మోకాలి మడతల్లో ఏళ్ల తరబడి వచ్చిపోతూ, ఇంట్లో ఉబ్బసం కూడా ఉంటే అది ఎగ్జిమా. దానికి రోజూ తేమ పట్టించే పూతలు కావాలి, ఓపిక కావాలి. నోటి చుట్టూ, మలద్వారం చుట్టూ పుండ్లు ఉండి విరేచనాలు ఆగకపోతే జింక్ లోపం కావచ్చు.

జ్వరంతో పాటు ఒళ్లంతా దద్దు వస్తే "అమ్మవారు పోసింది" అని గడపకు వేపమండ కట్టి, బిడ్డను దవాఖానకు తీసుకుపోకుండా ఉంచే ఇళ్లు ఇంకా ఉన్నాయి. కొలుచుకోండి, ఎవరూ కాదనరు. అయితే తట్టులో న్యుమోనియా వస్తుంది, డెంగ్యూలో రక్తస్రావం అవుతుంది, వీటిని ఆపేది వైద్యం. గాజుగ్లాసు అడుగు ఆ మచ్చల మీద నొక్కి చూడండి. నొక్కినా ఎరుపు మాయం కాకపోతే ఆ రాత్రే ఆసుపత్రికి పోవాలి. పెదవులు, కళ్లు వాచి ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేయాలి. రెండు నెలల లోపు బిడ్డకు చీము పొక్కులు వచ్చినా, ఏ వయసు బిడ్డకైనా దద్దుతో పాటు జ్వరం వచ్చి పాలు తాగడం మానేసినా ఇంటి వైద్యంతో రోజు గడపొద్దు.

వేములవాడలో ఏరియా ఆసుపత్రి ఉంది. సిరిసిల్లలో, జగిత్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. దగ్గరలో పల్లె దవాఖాన ఉంటుంది, మీ వాడ ఆశా కార్యకర్తకు దారి తెలుసు. తడి తీసేసి, ఒరుపు మాన్పించి, మూడు రోజులు చూసినా తగ్గని దద్దును అక్కడికి తీసుకుపోండి. పోయేటప్పుడు ఇప్పటిదాకా రాసిన ట్యూబులు, నూనెలు, పౌడరు డబ్బాలు అన్నీ ఒక సంచిలో వేసుకుని పోండి. ఎవరు రాయమన్నారో చెప్పడానికి సిగ్గుపడొద్దు, తిడతారని దాచొద్దు. ఏమేం రాశారో తెలిస్తేనే డాక్టరుకు దద్దు అసలు రూపం తెలుస్తుంది.